ఎదుటోని లైటు

నేను చేసే పనికి మా కాలనీలో ఇంకా పేరు దొరకలేదు. వెనకాల "బొమ్మలకు రంగులేస్తది" అనుకుంటారు. ముందర మాత్రం "ఇంట్లనే ఉంటున్నవా బిడ్డా" అని జాలిగా అడుగుతారు. బొమ్మలే, నేను కాదనను. బొటనవేలు పొడవుండే సైనికులు. పెద్ద నగరాల్లో కొందరు బల్ల మీద గుట్టలూ కోటలూ పేర్చి, రెండు సైన్యాలను ఎదురెదురుగా నిలబెట్టి, పాచికలు వేసి యుద్ధం ఆడతారు. ఆ సైన్యాలు పెట్టెల్లో ముక్కలుగా వస్తాయి. చేయి ఒకచోట, తల ఒకచోట, కత్తి ఒకచోట, అన్నీ బూడిదరంగు ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని ఉంటాయి. ఆడేవాళ్లందరికీ వాటిని అతికించే ఓపిక ఉండదు. వాళ్లు పెట్టె నాకు కొరియర్ చేస్తారు. నేను కోసి, గీకి, అతికించి, రంగులు వేసి, స్పాంజిలో ఒక్కొక్కరినీ పడుకోబెట్టి తిరిగి పంపిస్తాను.

హైదరాబాదులో రెండేళ్లు బొమ్మలు తయారుచేసే చోట కొలువు చేసినప్పుడు ఈ పని అంటుకుంది. పెళ్లయ్యాక గోదావరిఖనికి తిరిగి వచ్చేశాను. మా ఆయన ఓపెన్‌కాస్టులో, అంటే పైనుంచి తవ్వుకుంటూ పోయే బొగ్గు గనిలో, డంపర్ నడుపుతాడు. మా అమ్మ పోయింది. బాపు రిటైరై తన క్వార్టర్ అప్పగించాక మా ఇంటికి వచ్చేశాడు. కాలనీ అదే, వరుస అదే, ఇంటి నంబరు ఒక్కటే మారింది.

అందరికీ రంగు కనబడుతుంది కానీ అసలు పని అంతకు ముందుది. అచ్చు పలకలు రెండూ కలిసినచోట ప్రతి బొమ్మ మీదా సన్నటి గీత మిగులుతుంది. ముక్కు మీదుగా, భుజం మీదుగా, మోకాలి మీదుగా పోతుంది. దాన్ని బ్లేడుతో గీకేయాలి. గీకకుండా రంగు వేస్తే ఆ గీత జన్మలో దాగదు. అరవై మంది సైనికులుంటే అరవై ముక్కులు గీకాలి. నాకు ఓపిక తక్కువ, కోపం ఎక్కువ, అది ఇంట్లో అందరికీ తెలుసు. ఈ ఒక్క పని దగ్గర మాత్రం నా కోపం ఎటుపోతుందో నాకే తెలియదు.

మా ఊళ్లో ఈ పని పెట్టుకోవడం మూర్ఖత్వమే. తడి రంగు మీద బొగ్గు దుమ్ము వచ్చి కూర్చుంటుంది. కిటికీలు మూస్తే ఉడికిపోతాం. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగుకు ముందు సైరన్ మోగుతుంది. అది వినగానే కుంచె కింద పెట్టేస్తాను. ఇల్లు ఒకసారి ఉలిక్కిపడుతుంది, అరలో నిలబెట్టిన సైన్యంలో ఇద్దరో ముగ్గురో బోర్లా పడతారు. వాళ్లను లేపి నిలబెట్టి మళ్లీ కూర్చుంటాను.

బాపు ముప్పై ఏళ్లు భూమి లోపల పనిచేశాడు. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. "బాయిల దిగిండు" అంటే డ్యూటీకి పోయాడని. ముప్పై ఏళ్లు దిగినవాడు ఇంట్లో ఆ బాయి గురించి ముప్పై మాటలు చెప్పి ఉండడు. నేనూ అడగలేదు. అడగకపోవడానికి కారణం ఉంది, అది చెప్పాలి.

మా వరుసలో నాలుగిళ్ల అవతల అత్త ఉండేది. సొంత అత్త కాదు. ఆమె భర్తా, బాపూ ఒకే గ్యాంగు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. అందుకని ఆయన నాకు మామ, ఆమె అత్త. చిన్నప్పుడు నా జడలు ఆమే వేసేది. సర్వపిండి చేసిన రోజు అడుగంటిన ముక్క నాకోసం విడిగా తీసి పెట్టేది. నాకు పన్నెండేళ్లప్పుడు బాయిలో కప్పు కూలి మామ చనిపోయాడు. ఆ క్షణంలో ఆయన పక్కనున్నది బాపు ఒక్కడే.

మామను ఇంటికి తెచ్చిన రోజు బాపు వాళ్ల వాకిట్లో అత్త కాళ్ల దగ్గర కూలబడిపోయాడు. ఒళ్లంతా బొగ్గు, ఇంకా స్నానం కూడా చేయలేదు. ఒకే మాట అన్నాడు.

"అక్కా, నేను మొకం తిప్పుకున్న."

అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. నేను గుంజ పట్టుకుని నిలబడి విన్నాను. అత్త విన్నది. వాకిలి నిండా ఉన్న జనమంతా విన్నారు.

ఆ మాటకు ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. కోపమొస్తే ముఖం తిప్పుకుంటాం. మాటలు బందైతే ముఖం తిప్పుకుంటాం. ఇద్దరికీ బాయిలో మాటామాటా వచ్చిందనీ, ఒకరినొకరు చూసుకోకుండా పనిచేస్తుంటే కప్పు కూలిందనీ మూడో రోజుకల్లా కాలనీ అంతా చెప్పుకుంది. నేనూ అదే అనుకున్నాను. ఎప్పుడైనా అడిగితే బాపు ఔనంటాడేమోనని భయపడి అడగలేదు. కన్నబిడ్డనై ఉండి అలా భయపడ్డాను, అది ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఆ రోజు నుంచి అత్త మా ఇంటితో మాట్లాడలేదు. తిట్టలేదు, శాపం పెట్టలేదు, ఎవరి దగ్గరా మా గురించి చెడుగా అనలేదు. బాపు ఎదురొస్తే మాత్రం కొంగు భుజం మీదికి లాక్కుని రోడ్డు అవతలి పక్కకు జరిగేది. బాపు తలొంచుకుని ఇవతలి పక్కన పోయేవాడు. ఒకసారి రేషన్ దుకాణం లైనులో ఆమె నా వెనకే నిలబడింది. రంగు అంటిన నా గోళ్లను చాలాసేపు చూసింది. ఏమైనా అంటుందేమోనని ఎదురుచూశాను. అనలేదు. అలా ఇరవై రెండేళ్లు గడిచాయి.

మొన్న ఎండాకాలంలో ఒక కబురు తెలిసింది. మామ పోయాక ఆయన బదులు ఉద్యోగం వచ్చిన అత్త కొడుకును శ్రీరాంపూర్‌కు బదిలీ చేశారట. నెలాఖరుకు క్వార్టర్ ఖాళీ చేసి పోతున్నారు. ఆ రోజు బాపు అన్నం సగంలో వదిలేసి చేయి కడుక్కున్నాడు.

"పోయేముందు అక్కతోని ఒక్కసారి మాట్లాడితే బాగుండు," అన్నాడు.

"మాట్లాడు మరి, ఎవలు వద్దన్నరు?" అన్నాను.

"ఏ మొకం పెట్టుకొని మాట్లాడాలె?"

నేను అప్పుడు కూడా కొట్లాట గురించే అనుకున్నాను. ఆ విషయం అక్కడితో వదిలేశాను.

అదే వారం బెంగళూరు నుంచి ఒక పెద్ద పెట్టె వచ్చింది. అందులో అరవై మంది పొట్టి గడ్డపు సైనికులు. కొండల అడుగున సొరంగాలు తవ్వుకుంటూ బతికే జాతి అట. చేతుల్లో పారలు, గునపాలు, సుత్తులు. టోపీలకు చిన్న దీపాలు. పంపినాయన ఫోన్ చేసి "చీకటి గుహల్లో పోరాడేవాళ్లు మేడమ్, చూడగానే ఆ చీకటి తెలియాలి" అన్నాడు. తెలుస్తుందన్నాను. బొగ్గుబాయి ఊరి ఆడదాన్ని, ఈ పని నాకు కాక ఎవరికి తెలుస్తుందని లోపల గర్వం కూడా పడ్డాను.

మేము రంగు వేసే పద్ధతి ఒకటుంది. ముందు బొమ్మ మొత్తానికి నలుపు కొడతాం. ఆరాక, సరిగ్గా నెత్తి మీది నుంచి, తెలుపును సన్నటి తుంపరగా చల్లుతాం. తెలుపు పడినచోట ఎండ పడినట్టు, పడనిచోట నీడ ఉన్నట్టు. నుదురు, ముక్కు, భుజాలు మెరుస్తాయి. గడ్డం కింద, చంకల్లో చీకటి మిగులుతుంది. ఆ గుర్తుల ప్రకారం పైన రంగులు వేసుకుంటూ పోతే బొమ్మకు ప్రాణం వస్తుంది. ఈ పని నేర్చుకునే ప్రతి ఒక్కరూ మొదట నేర్చుకునేది ఇదే. నేను పదేళ్లుగా ఇలాగే చేస్తున్నాను.

పదహారు రోజుల్లో ముప్పై మంది పూర్తయ్యారు. వాళ్లను అరలో వరుసగా నిలబెట్టాను. బాపు రోజూ మధ్యాహ్నం చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటాడు. ముట్టుకోడు, ఏమీ అనడు, చూసిపోతాడు. ఆ రోజు మాత్రం లేచి అర దగ్గరకు వచ్చి వంగి చూశాడు.

"వీళ్లు యాడ ఉంటరు బిడ్డా?"

"భూమి లోపట బాపూ. సొరంగాలు తవ్వుకుంట బతుకుతరు."

"మనసొంటోళ్లే అన్నట్టు." ఇంకాసేపు చూశాడు. "మరి ఎండ ఎక్కడికెళ్లి వచ్చింది?"

నాకు అర్థం కాలేదు. ఆయన వేలితో దూరం నుంచే చూపించాడు.

"నెత్తి మెరుస్తున్నది. భుజాలు మెరుస్తున్నయి. బాయిల నెత్తి మీద ఏముంటది? కప్పు ఉంటది. కప్పులకెళ్లి వెలుగొస్తదా?"

"టోపీకి లైటున్నది గద," అన్నాను.

"గా లైటు ముందటిది చూపెడతది. నీ మొకం చూపెట్టది. నీ మొకం మీద పడేది ఎదుటోని లైటు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. పదహారు రోజుల పని అది. "బొమ్మలే గద బాపూ. ఆడుకునేటియి. గింత పట్టి చూసేటోళ్లు ఎవలున్నరు?" అని కసిరాను.

"ఎవలు లేరు బిడ్డా," అన్నాడు. గ్లాసు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక నేను కుంచె కింద పెట్టేశాను. ఎవరూ లేరని ఆయన అన్నది నిజం కాదు. ఆయన ఉన్నాడు. భూమి కింద నుంచి వచ్చిన జీతంతో పెరిగి, చదివి, పెళ్లి చేసుకున్నదాన్ని. నా చేతికి మొదటిసారి బాయి మనుషులు వస్తే తీసుకెళ్లి నడి ఎండలో నిలబెట్టాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు చాయ్ నేనే తీసుకెళ్లి ఇచ్చాను. "ఎట్లుంటదో చూపెట్టు మరి," అన్నాను. ఆయన నవ్వలేదు, ఎత్తిపొడవలేదు. మా ఇంట్లో బియ్యం డబ్బాలు పెట్టుకునే చిన్న గది ఉంది, దానికి కిటికీ లేదు. సన్న పనికి నేను నుదుటికి కట్టుకునే లైటు పట్టీని బాపు తన తలకు బిగించుకున్నాడు. దాన్ని ఆయన ఎప్పుడూ "నీ క్యాప్‌ల్యాంపు" అంటాడు. తలుపు మూశాడు. నన్ను ఎదురుగా నిలబెట్టాడు. నా చేతిలో చిన్న అద్దం ఉంది.

వెలుగు నా కళ్లలో పడలేదు. నా రొమ్ము మీద పడింది.

"కండ్లల్ల కొట్టద్దు," అన్నాడు. "బాయిల గది మర్యాద. కొత్తగ దిగినోడు తెల్వక మొకం మీద కొడితే తిట్లు తింటడు. తల జర వంచి రొమ్ము మీద కొట్టాలె. రొమ్ము మీద పడ్డ వెలుగు మెల్లగ గదుమకు ఎక్కుతది. పండ్లు కనబడతయి. ముక్కు కింద కనబడతది. నుదురు చీకట్లనే ఉంటది. బాయిల మనిషంటే గంతే."

అద్దంలో చూసుకున్నాను. చుబుకం, కింది పెదవి, ముక్కుపుటాలు, అంతే ఉన్నాయి. నా ముఖమే, కానీ కింది నుంచి పైకి కట్టినట్టుంది. నేను పదేళ్లుగా వేస్తున్నదానికి తలకిందులు. నీడ ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో గబగబా మనసులో గుర్తుపెట్టుకుంటున్నాను. పనిధ్యాసలోనే అడిగాను.

"మరి ఎదుటోడు పక్కకు చూస్తే?"

బాపు తల తలుపు వైపు తిప్పాడు.

నేను లేను. అద్దం లేదు, నా చేయి లేదు, బియ్యం డబ్బాలు లేవు. తలుపు చెక్క మీద గుండ్రటి వెలుగు, దాని ముందు బాపు తల వెనకభాగం, అంతే. మళ్లీ ఇటు తిరుగుతాడని చూశాను. తిరగలేదు.

"బాపూ," అన్నాను.

"గిట్లనే," అన్నాడు తలుపుతో మాట్లాడుతున్నట్టు. "గిట్లనే నేను మొకం తిప్పుకున్న."

ఇరవై రెండేళ్ల కిందట వాకిట్లో ఆయన అన్న మాట అదే. ఆ మాటను అందరం భూమి పైన ఉండే మనుషుల్లా విన్నాం. ఆయన మాత్రం లోపలి నుంచి అప్పుడే పైకి వచ్చి, లోపలి మాట చెప్పాడు.

బాపు తల తిప్పకుండానే చెప్పాడు. "కప్పుకు దుంగ నిలబెడుతున్నం. బావ గోడ దిక్కున్నడు. 'గా దుంగ అందుకో బావా' అన్నడు. దుంగ నా వెనుక ఉన్నది. తిరిగిన. నా లైటు ఆయన మీదికెళ్లి పోయింది. నేను తిరగకుంట గట్లనే చూసి ఉంటే కప్పు పగులువట్టింది కనబడుతుండె. ఒర్లుతుంటి. ఆయనను ఇవతలికి గుంజుతుంటి. దుంగ పట్టుకొని మల్ల తిరిగేసరికి ఆడ దుమ్ము తప్ప ఏం లేదు."

నేను తలుపు తీశాను. పగటి వెలుగులో ఆయన కళ్లు చికిలించాడు. లైటు ఇంకా వెలుగుతూనే ఉంది నుదుటి మీద.

"అయితే కొట్లాట కాలేదా?" అన్నాను.

"ఎవలతోని?"

"మామతోని. మొకం తిప్పుకున్న అంటివి గద. కోపంతోని తిప్పుకున్నవనుకున్నం. కాలనీ అంత గదే అనుకున్నది. నేను గూడ."

బాపు బియ్యం డబ్బా మీద కూర్చున్నాడు. "కొట్లాటనా," అన్నాడు. కాసేపటికి మళ్లీ "కొట్లాటనా" అన్నాడు. "అక్క గూడ గట్లనే అనుకున్నదా?"

ఆ మాటకు ఇంకో అర్థం ఉందని ఇన్నేళ్లలో ఆయనకు తట్టనే లేదు. ఆయన ముందు ఎవరూ అనలేదు మరి. లైటు తిప్పినందుకే అత్త తనను క్షమించలేదనీ, అది న్యాయమేననీ అనుకుంటూ రోడ్డు ఇవతలి పక్కన నడిచాడు. నాకు ఎవరి మీద కోపగించుకోవాలో తెలియలేదు. కాలనీ మీద వచ్చింది, ఆయన మీద వచ్చింది. అన్నిటికంటే ఎక్కువ నా మీద నాకు వచ్చింది. ఒకే ఇంట్లో ఉండి ఒక్క ప్రశ్న అడగలేకపోయాను.

"పా, ఇప్పుడే పోయి చెప్దాం," అన్నాను.

"ఏమని చెప్పాలె బిడ్డా. కొట్లాడిండనే అనుకుంటున్నది ఇన్నొద్దులు. లైటు తిప్పిండని తెలుస్తే ఇంకింత కోపం చేస్తది." లైటు పట్టీ విప్పి నా చేతిలో పెట్టాడు. మా బాపు దేనికీ భయపడడని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఆ రోజు భయపడ్డాడు.

నాలుగు రోజులు ఆయన కదల్లేదు. నేను బలవంతం చేయలేదు. ఆ నాలుగు రోజులూ నేను చేసిన పని, ముప్పై మంది సైనికుల్నీ మళ్లీ నల్లగా చేయడం. బెంగళూరు ఆయనకు "వెలుగు తప్పు వేశాను, మళ్లీ మొదలుపెడుతున్నాను, ఆలస్యమవుతుంది" అని రాశాను. "మీ ఇష్టం మేడమ్, కానీ మరీ నల్లగా ఉంటే బల్ల అవతలి నుంచి కనబడరు" అని జవాబిచ్చాడు. కనబడకపోతే దగ్గరకు వచ్చి చూడమను అనుకున్నాను, రాయలేదు.

కొత్త పద్ధతి నా చేతికి రావడానికి రెండు రోజులు పట్టింది. తుంపర పైనుంచి కొట్టే చేయి పైకే పోతుంది. దాన్ని కిందికి దించి, రొమ్ముకు ఎదురుగా పెట్టి, ఒక్క ఊపులో ఆపేయాలి. ఆ తర్వాత చుబుకం కింద పసుపు కలిసిన తెలుపు, పళ్ల మీద ఒక చుక్క, నుదుటి మీద ఏమీ లేదు. ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఒక్కడిని ఒంటరిగా తీసుకుని వెలుగు వేయలేకపోయాను. ఆ వెలుగు ఎవరిది? ఎక్కడ నిలబడ్డాడు? ఎంత పొడుగు? అందుకని జతలు జతలుగా పెట్టుకుని వేశాను. వీడి మీది వెలుగు వాడిది, వాడి మీది వెలుగు వీడిది.

బాపు కుర్చీ దగ్గరగా జరుపుకుని కూర్చునేవాడు. "గదుమ కింద ఇంక జర," అనేవాడు. "గంత తెల్లగ వద్దు, దుమ్ము ఉంటది గద నడుమ." ఆ నాలుగు రోజుల్లో ఆయన బాయి గురించి నా జీవితంలో చెప్పనన్ని మాటలు చెప్పాడు. లోపల ఎలకలకు అన్నం ముద్ద పెట్టేవారట. తుమ్మును బట్టి, దగ్గును బట్టి చీకట్లో ఎవరో చెప్పేవారట. లోపలికి అగ్గిపెట్టె తీసుకుపోకూడదు, కెమెరా తీసుకుపోకూడదు, కాబట్టి ఆ ముఖాల ఫోటో ఒక్కటి కూడా లేదట. మామ ప్రసక్తి మాత్రం ఒక్కసారి కూడా తేలేదు.

ఐదో రోజు అత్తవాళ్ల ఇంటి ముందు చెక్కపెట్టెలు బయటికి వచ్చాయి. మర్నాడు పొద్దున లారీ అని తెలిసింది. మధ్యాహ్నం సైరన్ మోగి, బ్లాస్టింగ్ అయిపోయి, నేను పడినవాళ్లను లేపుతుంటే బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"పా బిడ్డా," అన్నాడు.

నేను ఆరిన జత ఒకటి అట్టముక్క మీద పెట్టుకుని వెంట నడిచాను. మాటలతో కాకపోతే బొమ్మలతో చెప్పవచ్చనుకున్నాను.

అత్త ఇంట్లో ఒక్కతే ఉంది. కొడుకు డ్యూటీలో ఉన్నాడు. స్టీలు గిన్నెలన్నీ పాత చీరలో మూటగట్టి, పైన తాడు బిగిస్తోంది. మమ్మల్ని చూసి తాడు వదల్లేదు, లేవలేదు. బాపును చూడకుండా నన్నే చూసి "కూసో బిడ్డా" అంది. ఇరవై రెండేళ్ల తర్వాత నాతో మాట్లాడిన గొంతు. ముసలిదైపోయింది. బాపు లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడ్డాడు.

నేను బోర్లించిన బకెట్ మీద బొమ్మల్ని ఎదురెదురుగా పెట్టాను. "అత్తా, బాయిల మనిషి మొకం మీద పడేది ఎదుటోని లైటు. ఎదుటోడు మొకం తిప్పితే..." అంటూ ఒక బొమ్మను పక్కకు తిప్పాను. కానీ రంగు రంగే కదా. రెండోవాడి రొమ్ము మీద నేను వేసిన వెలుగు అలాగే ఉంది. అత్త దాన్ని చూసింది, నన్ను చూసింది. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. పదేళ్ల నా పనితనం ఆ గదిలో ఎందుకూ పనికిరాలేదు.

అప్పుడు గడప అవతలి నుంచి బాపు మాట్లాడాడు. బియ్యం గదిలో నాకు చెప్పినట్టే చెప్పాడు. దుంగ, గోడ, తన వెనక్కి తిరగడం. ఎక్కడా ఆగలేదు.

"కొట్లాట కాలేదక్కా," అన్నాడు ఆఖరున. "మొకం తిప్పుకున్న అంటే లైటు తిప్పిన అని. నాకు గట్లనే అనొచ్చింది. తప్పు నాదే. నువ్వేమన్నా పడుత."

అత్త చేతిలో తాడు అలాగే ఉంది. తిడుతుందనుకున్నాను. వెళ్లిపొమ్మంటుందనుకున్నాను. ఆమె తలెత్తి మొదటిసారి బాపు వైపు చూసింది.

"ఆ పొద్దు గాయిన నా మీద కోపంగున్నడా తమ్మీ?" అని అడిగింది.

బాపుకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"నేను ఆ పొద్దు అన్నం డబ్బ కట్టలే," అంది. "ముందటి రాత్రి మాటామాటా అయింది. పొద్దుగాల లేచి పొయ్యి ముట్టియ్యలే. ఒట్టి చేతులతోని డ్యూటీకి పోయిండు. నేను తలుపు కాడికి గూడ పోలే. గా కోపం బాయిలకు తీస్కపోయి నీ మీద చూపెట్టిండనుకున్న. నువ్వొచ్చి మొకం తిప్పుకున్న అన్నవు. నా వల్లనే మీకు కొట్లాటైంది, నా వల్లనే కప్పు దిక్కు ఎవలు చూడలే అనుకున్న. ఇంక నీ మొకం ఎట్ల చూడాలె తమ్మీ నేను?"

ఇన్నేళ్లూ ఆమె రోడ్డు అవతలికి జరిగింది అందుకు. మా మీద కోపంతో కాదు.

బాపు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. మూట పక్కన నేల మీద కూర్చున్నాడు.

"లేదక్కా," అన్నాడు. "నా డబ్బల సగం తిన్నడు. మూత తీయంగనే చెయ్యి పెట్టిండు. 'మీ అక్క ఇయ్యాల సమ్మె చేసింది బావా' అన్నడు. ఎందుకు అంటే, 'తప్పు నాదేలే, ఇంటికి పోయి బతిమిలాడుకుంట' అన్నడు. తిన్నంకనే దుంగ పని పట్టినం. దుంగ అడిగినప్పుడు గూడ గదే యాద్చేస్కొని నవ్వుతుండె. నా లైటు ఆయన రొమ్ము మీదనే ఉండెనక్కా. పండ్లు కనబడ్డయి. గా నవ్వు చూసినంకనే నేను అటు తిరిగిన."

అత్త తాడు వదిలేసింది. మూట విచ్చుకుని గిన్నెలు ఒకదాని మీది నుంచి ఒకటి జారాయి.

"సమ్మె అన్నడా?"

"అన్నడక్కా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బాపు కూడా ఏడ్చాడు. మామను తెచ్చిన రోజు తర్వాత ఆయన ఏడవడం నేను చూడటం అదే. ఎవరూ ఎవరినీ ఊరుకోమనలేదు. కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుని, బాపుకు ఎదురుగా జరిగి కూర్చుంది.

"మల్లొక్కసారి చెప్పు తమ్మీ," అంది.

బాపు మళ్లీ చెప్పాడు, డబ్బా మూత తీసిన కాడి నుంచి.